జల్లెడ గది మూసేశాక

మా మామయ్యకి ఇద్దరు పెళ్లాలని అత్తయ్య ఇంటికి వచ్చినవాళ్లందరికీ చెప్పేది. కొత్తవాళ్లయితే ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు. రెండో ఆవిడ మిల్లులో ఉంటుందనీ, తనకంటే తొందరగా జవాబు చెబుతుందనీ, ఎదురు మాట్లాడదనీ, తిండి కూడా అడగదనీ అత్తయ్య ఒక్కొక్కటే చెప్పుకొస్తుంటే అప్పటికి వాళ్లకి అర్థమై నవ్వేవాళ్లు. మామయ్య మాత్రం నవ్వకుండా, "తిండి అడగదని ఎవరన్నారు? నువ్వు పెట్టిందే కదా తిని పెరిగింది" అనేవాడు.

ఆ రెండో ఆవిడ ఒక లెక్క. తెల్లరాయిని పొడి చేసే మిల్లులోంచి ఆ పొడి ఎంత మెత్తగా వస్తోందో చేత్తో ముట్టుకోకుండానే చెప్పే లెక్క. దాన్ని తయారుచేసింది మామయ్య. అందుకు కావలసిన అంకెలన్నీ అత్తయ్య ఏళ్ల తరబడి జల్లెడ పట్టి రాసినవి.

నేను ఎం.ఏ. చదివినంత కాలం వాళ్లింట్లోనే ఉన్నాను. వాళ్లకి పిల్లలు లేరు. ముందుగదిలో ఒకే బల్ల ఉండేది. దాని మీద ఒక పక్క నా పుస్తకాలు, రెండో పక్క మామయ్య కాగితాలు. ఆయన చెప్పేవాటిలో నాకు సగమే అర్థమయ్యేది. అయినా బల్లకి అటుపక్క కూర్చున్నదాన్ని నేనే కాబట్టి నాకే చెప్పేవాడు.

మామయ్య స్టాటిస్టిక్స్ చదువుకున్నాడు. దేన్నైనా పదిమందిని అడిగి, అందరి మాటా కలిపి, మధ్యన ఎక్కడో తేల్చడం ఆయన అలవాటు. చిన్నప్పుడు మేమంతా ఆయన్ని సగటు మామ అనేవాళ్లం. సినిమా బాగుందా అని అడిగితే, చూసిన నలుగురి అభిప్రాయం చెప్పేవాడు తప్ప తన అభిప్రాయం చెప్పేవాడు కాదు. చదువు పూర్తయ్యాక కాలేజీల్లో గంటల లెక్కన పాఠాలు చెప్పాడు. ఒక చోట సెలవు మీద వెళ్లిన లెక్చరర్ తిరిగొచ్చేదాకా, ఇంకో చోట పరీక్షలయ్యేదాకా. పర్మనెంటు అనే మాట ఆయన దగ్గరికి వచ్చినట్టే వచ్చి పక్కకి తప్పుకునేది. నలభై దగ్గర పడుతుండగా విసిగిపోయి, మిల్లులో గోడౌను లెక్కలు చూసే ఉద్యోగంలో చేరాడు.

అత్తయ్యని అక్కడే చూశాడు. మిల్లు వెనక ఒక చిన్న గదిలో ఆవిడ జల్లెడ పట్టేది. గది మొత్తం ఒక తొట్టి, ఒక కుళాయి, ఒక సన్నటి తక్కెడ, పొడి ఆరబెట్టే ఒక ఇనుప పెట్టె. మిల్లులోంచి పొడి వచ్చే గొట్టం దగ్గర ఒక కప్పు పొడి పట్టుకొచ్చి, తూచి, కంటికి కనపడనంత చిన్న కన్నాలున్న జల్లెడలో పోసి కుళాయి కింద పెట్టేది. మెత్తటిదంతా నీళ్లతో పాటు పాలలా కారిపోతుంది. కిందికి దిగే నీళ్లు తేటపడేదాకా కడగాలి. జల్లెడలో మిగిలిన గరుకుని ఆరబెట్టి మళ్లీ తూస్తే, పొడిలో గరుకు పాలెంతో తెలుస్తుంది. ఆ అంకెని ఆవిడ కంట్రోల్ రూంకి పంపించేది. గరుకు ఎక్కువగా ఉంటే వాళ్లు రాయి పోయడం తగ్గిస్తారు, లేదా ఫ్యాను వేగం మారుస్తారు.

మామయ్య గోడౌను లెక్క కోసం అటు వెళ్లి, ఆ గదిలో అవసరానికి మించి ఎక్కువసేపు నిలబడడం మొదలుపెట్టాడట. నీళ్లు తేటపడ్డాయని ఎలా తెలుస్తుంది, ఏ రంగు దగ్గర ఆపుతారు, రోజూ అదే రంగు దగ్గర ఆపుతారా అని అడిగేవాడట. "పెళ్లిచూపుల్లో పాట పాడమని అడుగుతారని విన్నాను కానీ, నీళ్ల రంగు అడిగినవాణ్ణి ఈయన్నే చూశాను" అనేది అత్తయ్య. ఇద్దరిదీ పెళ్లి వయసు దాటిపోయిందని చుట్టాలు అనుకుంటున్న రోజుల్లో వాళ్లిద్దరూ పెళ్లి చేసుకున్నారు.

మామయ్య లెక్కలో పడింది ఆవిడ వల్లే. కప్పు పొడి తెచ్చి, కడిగి, ఆరబెట్టి, తూచి, అంకె చెప్పేసరికి ముప్పావు గంట పడుతుంది. ఈలోగా మిల్లు ఆగదు కదా. పొడి గరుకుగా ఉందని తెలిసేసరికి అది సంచుల్లోకి ఎక్కి కుట్లు కూడా పడిపోయేవి. తిట్లు మాత్రం జల్లెడ గదికే వచ్చేవి. మామయ్యకి ఇది నచ్చలేదు. మిల్లు తన సంగతి తనే ఎప్పటికప్పుడు చెబుతోంది కదా అనుకున్నాడు. మోటారు ఎంత కరెంటు లాగుతోంది, రాయి ఎంత పడుతోంది, ఫ్యాను ఎంత వేగంగా తిరుగుతోంది, లోపలి ఇనుప గుండ్ల చప్పుడు ఎంత గట్టిగా ఉంది, ఇవన్నీ కంట్రోల్ రూంలో ఎటూ నమోదవుతూనే ఉంటాయి. అత్తయ్య అంకె వచ్చిన ప్రతిసారీ ఆ సమయానికి ఇవన్నీ ఎలా ఉన్నాయో చూసుకుంటూ పోతే, దేని ప్రభావం ఎంతో తేలుతుంది. ఒక్కోదానికీ ఒక్కో బరువు కట్టి కలిపితే, జల్లెడ పట్టకముందే జల్లెడ ఏం చెప్పబోతోందో చెప్పవచ్చు.

సెలవు రోజుల్లో అత్తయ్య పాత అంకెలు చదువుతుంటే మామయ్య కంప్యూటర్లో ఎక్కించేవాడు. వాళ్లు ఎప్పుడూ షికారుకి వెళ్లినట్టు నేను చూడలేదు. అదే వాళ్ల షికారు. మధ్యలో ఏదో అంకె దగ్గర ఆగి, ఆ రోజు కుళాయి చెడిపోయి బకెట్లతో నీళ్లు మోశాననో, ఆ రోజు తనకి జ్వరమనో అత్తయ్య చెప్పేది. జ్వరం వచ్చిన రోజు అంకెల మీద మామయ్య చిన్న గుర్తు పెట్టుకునేవాడు.

లెక్క తయారయ్యాక దానిలోని లోపం కూడా ఆయనే నాకు చెప్పాడు. మిల్లు లోపల గుండ్లు అరుగుతాయి. మెత్తటి పొడిని గాలితో వేరుచేసి బయటికి పంపే చక్రం ఒకటుంది, దాని రెక్కలు అరుగుతాయి. క్వారీలో రాయి మారుతుంది. ఇవేవీ లెక్కకి కనపడవు. కాబట్టి అది మెల్లమెల్లగా దారి తప్పుతుంది, తప్పుతున్నానని దానికి తెలియదు. అందుకని కంట్రోల్ రూం స్క్రీన్ మీద ఒక గడి పెట్టించాడు. జల్లెడ గది నుంచి వచ్చిన అంకె అందులో వెయ్యాలి. లెక్క తాను చెప్పినదాన్ని దానితో పోల్చుకుని, తేడాని బట్టి తనని తాను కాస్త పైకో కిందికో జరుపుకుంటుంది. కంట్రోల్ రూంలో వాళ్లు అంకె వెయ్యడం మర్చిపోతారేమోనని, గడి ఖాళీగా ఉంటే గంట మోగేలా చేశాడు. అంకె పడేదాకా ఆ గంట ఆగదు.

"చూశావా, నువ్వు లేకపోతే అది ఊరుకోదు. ఏడుస్తుంది" అన్నాడు అత్తయ్యతో.

"ఏడిచే సవతిని ఇప్పుడే చూస్తున్నా" అంది అత్తయ్య. కానీ ఆ మాట ఆవిడకి నచ్చిందని మొహం చూస్తే తెలిసింది.

లెక్క బాగా పనిచేసింది. సంచులు వెనక్కి రావడం తగ్గింది. మేనేజరు కంట్రోల్ రూంకి వచ్చినవాళ్లందరికీ ఆ స్క్రీన్ చూపించేవాడు. ఆయన చెడ్డమనిషి కాదు. మిల్లులో దుమ్ము పీల్చే ఉద్యోగాలు ఎంత తగ్గితే అంత మంచిదని నమ్మేవాడు. ఆ వేసవి చివర్లో అత్తయ్యని పిలిచి, ఇక జల్లెడ గది అవసరం లేదనీ, షిఫ్టుకి ఒకసారి క్వాలిటీ ఆఫీసరు తనే పట్టి చూస్తాడనీ మర్యాదగానే చెప్పాడట. మీ ఆయన లెక్క అంత బాగుంది మరి, అని కూడా అన్నాడట, మెచ్చుకోలుగా.

ఆ రోజు అత్తయ్య త్వరగా ఇంటికొచ్చేసింది. చేతిలో ఒక సంచి, అందులో మిల్లులో వేసుకునే రబ్బరు చెప్పులు, నీళ్లు పడకుండా కట్టుకునే ప్లాస్టిక్ ఏప్రాను. సంచి గుమ్మంలో పెట్టి, చెప్పులు బయట ఆరబెట్టి, లోపలికొచ్చి కూర్చుంది. నేను ఏం మాట్లాడాలో తెలియక మంచినీళ్లు ఇచ్చాను. మామయ్య వచ్చాక నవ్వుతూనే అంది.

"గెలిచిందండీ మీ రెండో ఆవిడ."

మామయ్యకి అప్పటికే తెలుసు. దారిపొడుగునా ఏదో సిద్ధం చేసుకుని వచ్చి ఉంటాడు, కానీ ఏదీ పైకి రాలేదు. నీకు సాయంగా ఉంటుందనే చేశాను కదా అన్నాడు. ఆవిడ తెలుసంది. మేనేజరుతో మాట్లాడతానన్నాడు. మాట్లాడమంది. మర్నాడు మాట్లాడి వచ్చాడు కూడా. మేనేజరు భుజం మీద చెయ్యి వేసి, మీరు చేసిన పనే కదా సార్ ఇదంతా, అన్నాడట.

తర్వాత ఇల్లు మామూలుగానే నడిచింది. అత్తయ్య అలవాటు కొద్దీ పొద్దున్నే లేచి తయారై, తర్వాత ఎటూ వెళ్లనక్కర్లేదని గుర్తొచ్చి అప్పటికే శుభ్రంగా ఉన్న వంటింటిని మళ్లీ శుభ్రం చేసేది. ఎక్కడైనా పనుందేమోనని ఇద్దరు ముగ్గుర్ని అడిగింది. జల్లెడ పట్టడం తప్ప ఇంకేం చేశారని వాళ్లు అడిగితే, "అదొక్కటే బాగా వచ్చు, మిగతావన్నీ మీలాగే వచ్చు" అందట. ఎక్కడా పని దొరకలేదు.

మామయ్య లెక్క మాత్రం రోజురోజుకీ మెరుగుపడింది. లెక్క చెప్పిన అంకెకీ, జల్లెడ చెప్పిన అంకెకీ మధ్య తేడాని ఆయన గీతలా గీసి పెట్టుకునేవాడు. జల్లెడ గదిలో అత్తయ్య ఉన్నప్పుడు ఆ గీత రంపంలా పైకీ కిందికీ పళ్లతో ఉండేది. ఇప్పుడు అది దాదాపు నేలలా చదునైపోయింది. మేనేజరు ఆ కాగితాన్ని హెడ్డాఫీసుకి పంపాడు. మిల్లులో కేకు కోశారు. మామయ్య ఒక ముక్క కాగితంలో చుట్టి ఇంటికి తెచ్చాడు. అత్తయ్య తినలేదు, నన్ను తినమంది.

కొన్ని రోజులు మామయ్య సంతోషంగానే ఉన్నాడు. తర్వాత ఒక సాయంత్రం ఆ చదును గీతని బల్ల మీద పెట్టుకుని అదే పనిగా చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి వంటింట్లోకి వినపడేలా అడిగాడు.

"ఒకే కప్పు పొడిని రెండు సగాలు చేసి పట్టావనుకో, రెండూ ఒకేలా వస్తాయా?"

"ఎందుకొస్తాయి? కుళాయి ఇంకాస్త తిప్పితేనే మారిపోతుంది. మీరే కదా ఆ తేడాకి కూడా ఏదో పేరు చెప్పారు."

మామయ్య ఆ గీత కాగితాన్ని నా వైపు తిప్పాడు. జల్లెడ తనతో తనే అంతగా ఏకీభవించదు, ఇక నా లెక్కతో ఎలా ఏకీభవిస్తుంది అని నాకు మెల్లగా చెప్పాడు. తన గీత బాగున్న కొద్దీ భయపడాల్సింది పోయి సంతోషించానన్నాడు.

మర్నాడు ఆయన మిల్లు వెనక గదికి వెళ్లాడు. తర్వాత ఆ గది ఎలా ఉందో నాకు అన్నీ చెప్పాడు. తలుపు సగమే తెరుచుకుందట, వెనక ఖాళీ సంచుల కట్టలు పేర్చి ఉండడంతో. తొట్టి ఎండిపోయి అడుగున తెల్లటి పొర పగుళ్లు తేలింది. జల్లెడ గోడకి మేకుకి వేలాడుతోంది, దాని మీద దుమ్ము. ఆరబెట్టే పెట్టె ఒక్కటే వెచ్చగా ఉంది. తీసి చూస్తే లోపల ఎవరివో లంచ్ బాక్సులు.

క్వాలిటీ ఆఫీసరు మొదటి వారం వచ్చి పట్టాడట. తర్వాత అతనికి లోడింగు పని కూడా అప్పజెప్పారు. మరి గడిలో రోజూ పడుతున్న అంకెలు ఎవరివని మామయ్య కంట్రోల్ రూంలో అడిగాడు. అక్కడ ఆపరేటరుని అందరూ కునుకు బాబాయి అంటారు. మధ్యాహ్నం కుర్చీలోనే చిన్న కునుకు తీస్తాడు కానీ, మిల్లు చప్పుడు ఏమాత్రం మారినా ముందు లేచేది ఆయనే. దాచుకోకుండా చెప్పేశాడు.

"గంట మోగుతోంది సార్. అంకె వేస్తే గానీ ఆగదాయె. జల్లెడ అంకె రాలేదు. పక్కనే మీ లెక్క చెప్పిన అంకె కనబడుతోంది, దాన్నే వేశాను. మీ లెక్క తప్పు చెప్పదు కదా అని."

అదీ జరిగింది. లెక్క తను చెప్పిన మాటని తనకే ఎవరో అప్పజెబుతుంటే, నిజమేనన్నమాట అనుకుంటూ వచ్చింది. తేడా లేదు కాబట్టి జరుపుకోవలసిన అవసరం లేదు. లోపల చక్రం రెక్కలు ఎంత అరిగాయో, పొడి ఎంత గరుకుగా వెళుతోందో చెప్పేవాళ్లు లేరు. ఆపరేటర్లందరూ అలాగే వేశారు, ఒకరిని చూసి ఒకరు. ఎవరికీ అది తప్పనిపించలేదు. మామయ్య ఎవరినీ కోప్పడలేదు కూడా. గంట పెట్టింది తనే కదా అన్నాడు.

ఆయన నేరుగా మేనేజరు గదికి వెళ్లాడు. జల్లెడ గది వెంటనే తెరవాలనీ, లేకపోతే ఈ లెక్కకి కళ్లు లేనట్టేననీ చెప్పాడు. మేనేజరు అంతా విన్నాడు. టీ తెప్పించాడు.

"మీరు చెప్పేది అర్థమవుతూనే ఉంది సార్. కానీ హెడ్డాఫీసుకి నేనేం రాయను? నెల కిందట కేకు కోశాం. ఇప్పుడు జల్లెడ ఆవిణ్ణి వెనక్కి తీసుకోవాలంటాం. ఎవరన్నారని అడుగుతారు. ఆవిడ భర్తే అన్నాడని చెప్పనా?"

"ఇది మా ఆవిడ కోసం కాదు సార్."

"నాకు తెలుసు. వాళ్లకి తెలియాలి కదా."

ఇంకెవరినైనా పెట్టండి, ఎవరైనా సరే, జల్లెడ పడితే చాలు అన్నాడు మామయ్య. ఆ మాట చెబుతూ ఆయన అత్తయ్య ఉద్యోగాన్ని తన చేత్తో ఇంకోసారి తీసేసినట్టయింది. అది కూడా పనిచేయలేదు. కొత్త మనిషిని ఇవ్వరు, ఉన్నవాళ్లకి తీరిక లేదు. బయటి ల్యాబుకి ఒక శాంపిల్ పంపుదామని మేనేజరు ఒప్పుకున్నాడు. ఆ కాగితం ఏ సంతకం దగ్గర ఆగిపోయిందో తెలియదు.

ఆ రోజుల్లో మామయ్య మిల్లులో ఎక్కడ మాట్లాడినా ముందు ఆ మాటతోనే మొదలుపెట్టేవాడట. మా ఆవిడ కోసం కాదు. మా ఆవిడకి ఇందులో సంబంధం లేదు. విన్నవాళ్లు తల ఊపేవాళ్లు. ఆయన వెళ్లాక, పాపం ఇంట్లో పోరు ఎక్కువైనట్టుంది అనుకునేవాళ్లు. ఆయన ఎంత గట్టిగా కాదంటే వాళ్లు అంత గట్టిగా అవుననుకున్నారు.

ఒకసారి లంచ్ బాక్సులో గుప్పెడు పొడి పోసుకుని ఇంటికి తెచ్చాడు. మిల్లు నుంచి పొడి బయటికి తేకూడదు. గేటు దగ్గర మూత తియ్యమంటారేమోనని బాక్సుని తువ్వాల్లో చుట్టి సంచి అడుగున పెట్టాడట. అంత పిరికివాడు అంత పని చేశాడంటే ఎంత దిక్కుతోచని స్థితిలో ఉన్నాడో అనుకున్నాను. బాక్సు అత్తయ్య ముందు పెట్టి, పట్టి చూడమన్నాడు.

"ఏ జల్లెడతో? టీ వడపోసే దానితోనా?"

ఆయన ఆ సంగతే ఆలోచించలేదు. మిల్లు జల్లెడ మిల్లులోనే మేకుకి వేలాడుతోంది. సన్నటి తక్కెడ కూడా అక్కడే ఉంది. ముగ్గురం ఆ పొడి చుట్టూ కాసేపు కూర్చున్నాం. అత్తయ్య వేళ్లతో కాస్త నలిపి చూసి, ఏమో, వేళ్లకేం తెలుస్తుంది, అంది. తర్వాత బాక్సు తొట్టిలో కడిగేసింది. నీళ్లు చాలాసేపు తెల్లగానే కారాయి. మామయ్య గుమ్మంలో నిలబడి తేటపడేదాకా చూశాడు.

మిల్లు చెప్పని మాట చివరికి ఆ పొడి కొనే రంగుల కంపెనీ చెప్పింది. వాళ్ల రంగు వేసిన గోడల మీద చెయ్యి పెడితే గరగరలాడుతోందట. రెండు లారీలు వెనక్కి వచ్చాయి. మేనేజరు ఇంటికి ఫోన్ చేసి, మామయ్యతో కాకుండా అత్తయ్యతో మాట్లాడాడు. ఒక్క రోజు వచ్చి పట్టి పెట్టమ్మా అన్నాడు.

అత్తయ్య రబ్బరు చెప్పులు తీసి తుడుచుకుంది. ఏప్రాను మడతల దగ్గర అతుక్కుపోతే నేను జాగ్రత్తగా విడదీసి ఇచ్చాను. ఆ పొద్దున ఇద్దరూ ఒకే స్కూటర్ మీద వెళ్లారు, చాలాకాలం తర్వాత. ఆవిడ వెనక కూర్చుని సంచి ఒళ్లో పెట్టుకుంది. వీధి మలుపు తిరిగేదాకా నేను గేటు దగ్గరే నిలబడ్డాను. ఈసారి ఉద్యోగం తప్పకుండా తిరిగి వస్తుందని అనుకున్నాను. అలా అనుకోకపోవడానికి నాకు కారణమేమీ కనబడలేదు.

ఆవిడ ఆ రోజంతా జల్లెడ పట్టింది. లెక్క చెబుతున్న గరుకుకీ, జల్లెడలో మిగిలిన గరుకుకీ పొంతనే లేదు. కప్పు తర్వాత కప్పు అదే మాట చెప్పింది. కునుకు బాబాయి ఆ రోజు కునుకు తియ్యకుండా ఆవిడ పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాడట. మేనేజరు స్వయంగా తక్కెడ చూశాడు. మామయ్య చెప్పింది అక్షరాలా నిజమని అందరి ముందూ ఒప్పుకున్నాడు.

ఆ సాయంత్రమే హెడ్డాఫీసుతో మాట్లాడారు. ఆర్డర్లు మీద పడి ఉన్నాయి కాబట్టి రెక్కలు మార్చడానికి మిల్లు ఆపే ప్రశ్న లేదు. లెక్క ఎంత తక్కువ చెబుతోందో ఇప్పుడు తెలిసిపోయింది కాబట్టి, అది ఏం చెప్పినా దానికి ఆ తేడా కలిపేసుకుంటే సరిపోతుంది. ఇక ఆ గడి, ఆ గంట తీసేయాలి. ఈ గొడవంతా వచ్చింది ఆ గంట వల్లే కదా అన్నారు.

మామయ్య తనకి చేతనైనంత చెప్పాడు. ఈ తేడా ఇవాళ్టిది. రెక్కలు రేపు ఇంకాస్త అరుగుతాయి, తేడా అక్కడే ఆగదు. గడి ఉండనివ్వండి, ఖాళీగా ఉన్నా ఫర్వాలేదు, గంట తీసేయండి కానీ గడి ఉండనివ్వండి, ఎప్పుడైనా ఎవరైనా ఒక్క అంకె వేస్తారు అని బతిమాలాడు. ఖాళీ గడి స్క్రీన్ మీద ఉంటే చూసేవాళ్లకి బాగుండదన్నారు. అది తీసేయడం ఇంకెవరికీ రాదు. మామయ్యే కూర్చుని తీశాడు. వెనక మేనేజరు నిలబడి, అయిపోయిందా సార్ అని రెండుసార్లు అడిగాడట, విసుగ్గా కాదు, జాలిగా.

అత్తయ్యకి ఆ రోజుకి కృతజ్ఞతలు చెప్పి పంపారు. మళ్లీ పిలుస్తామన్నారు. సాయంత్రం ఇంటికొచ్చి ఆవిడ జుట్టులో పొడి దులుపుకుంటుంటే, "పిలుస్తారా అత్తయ్యా?" అని అడిగాను. "అంకె తీసుకున్నారుగా అమ్మాయ్" అంది.

కొన్ని వారాల తర్వాత ఆవిడ ఒక మందుల షాపులో చీటీలు చూసి మందులు తీసిచ్చే పనిలో చేరింది. నిలబడి చేసే పని. కాళ్లు లాగుతాయని తప్ప దాని గురించి ఇంకేమీ చెప్పేది కాదు. రెండో ఆవిడ గురించి ఇంటికొచ్చినవాళ్లకి చెప్పడం కూడా మానేసింది. నేను పరీక్షలకి చదువుకుంటూ ఉండేదాన్ని. మామయ్య బల్లకి అవతల కూర్చునేవాడు కానీ గీతలు గీయడం మానేశాడు. గీయడానికి తేడా ఏదీ లేదు. పోల్చి చూసే రెండో అంకె లేదు కదా. పొడి ఎలా వస్తోందని నేను ఒకసారి అడిగితే, బాగానే వస్తోందని స్క్రీన్ చెబుతోంది అన్నాడు.

ఇంకో ఊరి మిల్లు వాళ్లు ఆ లెక్కని చూడడానికి వచ్చారు. తమ దగ్గరా అలాంటిది పెట్టుకోవాలని. మామయ్య చేత చెప్పించారు. మోటారు, ఫ్యాను, చప్పుడు, బరువులు అన్నీ ఆయన పాఠంలా చెప్పాడు. ఎన్నో ఏళ్లు పాఠాలు చెప్పినవాడు కదా, బాగానే చెప్పి ఉంటాడు. వచ్చినవాళ్లలో ఒకామె, అన్నీ విన్నాక, ఇది నిజమో కాదో దేనితో సరిచూసుకుంటారు అని అడిగిందట. మామయ్య మేనేజరు వైపు చూశాడు. అన్నీ పక్కాగా సరిచూశామండీ అన్నాడు మేనేజరు. ఆమె రాసుకుంది. మామయ్య ఏమీ అనలేదు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఆయనే ఈ సంగతంతా చెప్పాడు. అత్తయ్య తలెత్తకుండా వింది.

"ఆవిడ అడిగినప్పుడైనా చెప్పాల్సింది మీరు."

"చెబితే నీకోసమే అనుకునేవాళ్లు మళ్లీ."

అత్తయ్య చెయ్యి ఆగింది. మిల్లుకి వెళ్లిన ఆ ఒక్క రోజునే, స్టూలు మీద కూర్చున్న కునుకు బాబాయి ఆవిడకి అన్నీ చెప్పాడని మాకు అప్పుడు తెలిసింది. మామయ్య ఎక్కడెక్కడ, ఎవరెవరి దగ్గర, మా ఆవిడ కోసం కాదని ఎన్నిసార్లు అన్నాడో నవ్వుతూ చెప్పాడట, మెచ్చుకుంటూ కూడా.

"కాదన్నా నమ్మలేదు కదండీ ఎవరూ," అంది అత్తయ్య. గొంతులో కోపం లేదు. "అలాంటప్పుడు ఒక్కరి దగ్గరైనా అవును, మా ఆవిడ కోసమే అనేసి ఉంటే పోయేదేముంది? పని ఎలాగూ జరగలేదు. ఆ మాటన్నా నాకు మిగిలేది."

నాకు అక్కడ ఉండాలో లేచి వెళ్లాలో తెలియలేదు. అత్తయ్య కంచాలు తీసింది. మామయ్య లేచి చెయ్యి కడుక్కుని, బీరువాలోంచి తెల్ల చొక్కా తీసుకుని ఇస్త్రీ పెట్టె ప్లగ్గులో పెట్టాడు. మర్నాడు హెడ్డాఫీసు నుంచి పెద్దవాళ్లు వస్తున్నారు, లెక్క చూడడానికి. బాగా కనబడేలా రమ్మని మేనేజరు చెప్పి పంపాడు.